చెరువుల్లో జమ్ముకు నిప్పు పెట్టవద్దు

సంపాదకులకు నమస్కారం.

చలికాలంలో పులికాట్, నేలపట్టు అనగానే అందరికీ ఫ్లెమింగోలు, గూడబాతులు గుర్తుకు వస్తాయి. అదే కాలంలో తిరుపతి జిల్లా చెరువులకు వచ్చే మార్ష్ హారియర్ అనే గద్దను ఎవరూ పట్టించుకోవడం లేదన్న బాధతో ఈ లేఖ రాస్తున్నాను.

ఐరోపా నుంచి మధ్య ఆసియా దాకా ఉన్న చిత్తడి నేలల్లో వేసవిలో పిల్లలను పెంచి, శీతాకాలానికి మన దేశం చేరే ఈ పక్షి రెక్కలు చాస్తే సుమారు నాలుగడుగులు ఉంటుంది. ఆడది ముదురు గోధుమ రంగుది, తల మాత్రం మీగడ రంగులో మెరుస్తుంది. మగదానికి రెక్కల మీద బూడిద రంగు, కొసల్లో నలుపు ఉంటాయి. మన గరుడపక్షిలా ఎత్తున చక్కర్లు కొట్టక, రెక్కలను కాస్త పైకెత్తి పట్టి, జమ్ము, తుంగల మీదుగా తక్కువ ఎత్తులో అటూ ఇటూ గాలిస్తూ ఎలుకలను, కప్పలను, గాయపడిన నీటికోళ్లను పట్టుకుంటుంది. దాని ముఖం చుట్టూ గుడ్లగూబకు ఉన్నట్టే ఈకల వలయం ఉండటం వల్ల, గడ్డిలో కదిలే ఎలుక కంటికి కనిపించకపోయినా చప్పుడును బట్టి జాడ పసిగట్టగలదు. గూటి కాలంలో మగది ఆకాశంలో వదిలిన ఆహారాన్ని ఆడది గాలిలోనే కాళ్లతో అందుకుంటుంది. ఆ దృశ్యం ఇక్కడ మనకు దక్కదు.

అసలు సంగతి దాని నిద్ర. ఈ గద్ద సాధారణంగా చెట్టెక్కదు. చీకటి పడే వేళకు జమ్ములోనో ఎత్తైన గడ్డిలోనో నేల మీదే, తరచుగా గుంపుగా రాత్రి గడుపుతుంది. అందువల్ల చెరువు శుభ్రం చేస్తున్నామని సాయంత్రాలు జమ్ముకు నిప్పు పెట్టడం, సుందరీకరణ పేరిట అంచులన్నీ చదును చేసి రాళ్లు పరచడం దానికి పడక లేకుండా చేస్తాయి. చిత్తడి నేలలు ఎండగట్టడం, వేట, ఆపై డీడీటీ వంటి పురుగుమందుల వల్ల బ్రిటన్‌లో 1971 నాటికి ఈ జాతి ఒక్క జంటకు పడిపోయింది. ఆ మందులను నిషేధించి, రెల్లు మడుగులను కాపాడాక అక్కడ మళ్లీ వందల జంటలయ్యాయి.

జమ్ము పెరిగితే తూములకు అడ్డుపడుతుందన్న రైతుల ఇబ్బంది నిజమే. కాబట్టి తూముల దగ్గర, కట్ట వెంబడి పగటిపూట కోసి తీయించి, అక్టోబరు నుంచి మార్చి వరకు ఎగువ అంచున ఉన్న జమ్మును, గడ్డిని మాత్రం ముట్టుకోకుండా ఉంచాలని పంచాయతీలను, నీటిపారుదల, అటవీ అధికారులను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
సూళ్లూరుపేట, తిరుపతి జిల్లా