ఆ సోషల్ మాస్టారి గురించి

అమ్మలూ,

నిన్న నువ్వు ఫోన్లో చెప్పిన దాని గురించే రాత్రంతా ఆలోచించాను. మీ స్కూల్లో సోషల్ పోస్టుకు చూపు లేని అబ్బాయి అప్లై చేశాడన్నావు. మార్కులు అందరికంటే బాగున్నా, "అల్లరి పిల్లల్ని ఎలా కంట్రోల్ చేస్తాడు?" అని కరస్పాండెంట్ గారు వెనకాడుతున్నారట. ఇంతలో ఎవరో పిలిస్తే పెట్టేశావు. అందుకే ఈ ఉత్తరం.

ఈ ప్రశ్న నన్నూ అడిగారమ్మా. పోలియో కాలుతో నేను 3 శాతం కోటాలో టీచరుగా చేరినప్పుడు, మొదటి బడి హెడ్‌మాస్టరు అందరి ముందూ అన్నారు. క్లాసులేమో పై అంతస్తులో వేశారు. పిల్లలతో నాకెప్పుడూ ఇబ్బంది రాలేదు, బాధంతా మెట్లతోనే. తర్వాతి బడిలో హెడ్‌మిస్ట్రెస్ గారు నా సెక్షన్లన్నీ కిందికి మార్చేశారు. పైసా ఖర్చు కాలేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ ఉద్యోగాల్లో కోటాను 4 శాతం చేసింది. మీది ప్రైవేటు స్కూలు, ఆ కోటా వర్తించదు. అయితే సమాన అవకాశాల విధానం ప్రకటించాలన్న నియమం ప్రైవేటు సంస్థలకూ ఉంది. కరస్పాండెంట్ గారికి ఆ మాట చెప్పు.

నువ్వు అడిగిన రెండో సంగతి మాత్రం నిజంగా ఆలోచించాల్సిందే. ఎనిమిదో తరగతిలో వినపడని బాబు ఉన్నాడు, వాడికి బోర్డు మీద రాత కావాలి, ఈ మాస్టారు బోర్డు మీద రాయలేరు. దీనికీ దారి ఉంది. ఎన్‌వీడీఏ అని కంప్యూటర్లో తెర మీది అక్షరాలు చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది, తెలుగు కూడా చదువుతుంది. దాంతో ఆయన పాఠం నోట్సు ముందే టైపు చేసి ఇస్తే, ప్రింటు తీసి బాబు చేతిలో పెట్టొచ్చు. మాట్లాడేటప్పుడు వాడి వైపు తిరగాలి కాబట్టి, వాడు ఎక్కడ కూర్చుంటాడో ఆయనకు ముందే తెలియాలి. మ్యాపు పనికి ఒక పిల్లను బోర్డు దగ్గర నిలబెట్టొచ్చు. పేపర్లు దిద్దడానికి చదివి వినిపించే మనిషి కావాలి, ఆ గంటలు టైంటేబుల్లో వెయ్యి. లేకపోతే ఆ బరువంతా తోటి టీచర్ల మీద పడి, వాళ్ల విసుగు ఆయన మీదికి వస్తుంది. ఇది నేను చూశాను.

మీరు స్పెషల్ పిల్లలకు అడ్మిషన్లు ఇస్తున్నారు, నాకెంతో సంతోషం. కానీ అలాంటి పిల్లల తల్లులు నన్ను మొదట అడిగేది చదువు గురించి కాదు. "మేడమ్, మీకు ఉద్యోగం ఎలా వచ్చింది?" అంటారు. తమ బిడ్డ పెద్దయ్యాక ఏ పని చేస్తాడో వాళ్లకు కళ్ల ముందు కనబడాలి. మీ స్టాఫ్‌లో అలాంటివారు ఒక్కరూ లేకపోతే, ఎన్ని మీటింగులు పెట్టి ధైర్యం చెప్పినా వాళ్లు నమ్మరు. నమ్మకపోతే తప్పు వాళ్లది కాదు.

గురువారం డెమో క్లాసు పెట్టించు. అందరికీ ఇచ్చినంత టైమే ఇవ్వు, జాలిపడి తగ్గించవద్దు, పరీక్ష పెట్టినట్టు పెంచవద్దు. పాఠం బాగాలేకపోతే తీసుకోకు. ఏం ఏర్పాట్లు కావాలో ఆయన్నే అడుగు, మీరే ఊహించుకోకండి. గాజువాక నుంచి వచ్చి కార్‌షెడ్ దగ్గర బస్సు దిగుతాడు కదా, ఆ హైవే దాటడం మనకే భయం. కావాలంటే అటెండర్‌ను స్టాపు దాకా పంపుతామని ముందురోజే ఫోన్ చేసి చెప్పు.

డెమో అయ్యాక ఎంత రాత్రయినా ఫోన్ చెయ్యి. మేలుకునే ఉంటాను.

ప్రేమతో,
అమ్మ