పాత కార్ల సెన్సార్‌కు రెసిస్టర్ కట్టే సలహా ప్రమాదకరం

సంపాదకులు గారికి నమస్కారం.

పాత ఎంపీఎఫ్ఐ కార్లు (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మేవి) చలికాలపు ఉదయాల్లో వెంటనే స్టార్ట్ కావాలంటే ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం వేడిని కొలిచే కూలెంట్ టెంపరేచర్ సెన్సార్ వైరుకు ఒక రెసిస్టర్ (కరెంటును అడ్డుకునే చిన్న భాగం) జోడిస్తే చాలునని మీ వాహనాల పేజీలో ఇటీవల ఒక సలహా వచ్చింది. అది ఇంజన్‌నే దెబ్బతీసే సలహా. ఇరవై ఏళ్లు దాటిన మారుతి 800, జెన్, శాంత్రో కార్లను ఇంటి అవసరాలకు జాగ్రత్తగా నడుపుకుంటున్న కుటుంబాలు మన జిల్లాల్లో ఇంకా ఉన్నాయి కనుక దాన్ని సరిదిద్దుతూ వివరణ ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఈ సెన్సార్ విద్యుత్ నిరోధం చల్లగా ఉన్నప్పుడు ఎక్కువగా ఉండి, వేడెక్కేకొద్దీ తగ్గుతుంది. దాన్నిబట్టే ఈసీయూ, అంటే ఇంజన్‌ను నడిపే కంప్యూటర్, ఎంత పెట్రోలు చిమ్మాలో నిర్ణయిస్తుంది. చాలా కార్లలో 20 డిగ్రీల వద్ద అది సుమారు 2,500 ఓమ్‌లు, 80 డిగ్రీల వద్ద సుమారు 300 ఓమ్‌లు. దానికి 1,000 ఓమ్‌ల రెసిస్టర్‌ను వరుసలో కడితే పొద్దున ఇంజన్ మరో ఎనిమిది, పది డిగ్రీలు చల్లగా ఉన్నట్టు ఈసీయూకు తోస్తుంది. ఇంజన్ కాస్త తొందరగా అందుకుంటే అందుకోవచ్చు. అసలు నష్టం ఇంజన్ వేడెక్కాక మొదలవుతుంది. అప్పుడు 300 ఓమ్‌లు 1,300 అయి, 80 డిగ్రీల ఇంజన్ 40 డిగ్రీల లోపే ఉన్నట్టు కనిపించడంతో, ప్రయాణం పొడవునా అవసరానికి మించి పెట్రోలు పడుతూనే ఉంటుంది. ప్లగ్గులు మసిబారతాయి, కాలని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేస్తుంది, పొగలోని విషవాయువులను తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్ పాడవుతుంది. రేడియేటర్ ఫ్యాన్‌ను కూడా ఈసీయూ ఇదే సెన్సార్‌ను చూసి తిప్పే కార్లలోనైతే, మే నెల ట్రాఫిక్‌లో ఫ్యాన్ తిరగక ఇంజన్ మితిమీరి వేడెక్కి, సిలిండర్ల పైభాగాన ఉండే హెడ్ గాస్కెట్ అనే సీలు పోయే ప్రమాదం ఉంది.

1970లలో బాష్ కంపెనీ కె-జెట్రానిక్ అనే పెట్రోలు ఇంజెక్షన్ విధానంలో చలికి అదనపు పెట్రోలు చిమ్మే వేరే ఇంజెక్టరే పెట్టింది. అయినా స్టార్టర్ తిరుగుతున్నంతసేపే అది పనిచేసేలా, మైనస్ 20 డిగ్రీల చలిలో సైతం దాదాపు 8 సెకన్లకు ఆగిపోయేలా థర్మో-టైమ్ స్విచ్ అమర్చింది. అదనపు పెట్రోలును ఇవ్వడం ఎంత ముఖ్యమో, వేళకు ఆపడమూ అంతే ముఖ్యమని ఆ ఇంజనీర్లకు తెలుసు. ఆ స్విచ్‌ను తప్పించి, ఆ ఇంజెక్టర్‌ను చేత్తో నడపడానికి డాష్‌బోర్డు మీద బటన్ పెట్టించుకునే పాత విదేశీ కార్ల యజమానులూ ఈ సంగతి గమనించాలి.

20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చాక పాత కార్లు ఉదయాన్నే మొరాయిస్తున్నాయని కొందరు అంటున్నారు. ఇథనాల్ ఆవిరి కావడానికి ఎక్కువ వేడి కావాలి కనుక అందులో కొంత నిజముంది. అలాగని సెన్సార్ వైరు కోయడం పరిష్కారం కాదు. తాళం ఆన్ చేసి, పెట్రోలు పంపు శబ్దం ఆగేదాకా రెండు మూడు సెకన్లు ఉండి, ఆఫ్ చేసి, ఇలా రెండుసార్లు చేశాక స్టార్టర్ తిప్పి చూడాలి. దానితో వెంటనే అందుకుంటే, రాత్రంతా పైపుల్లో నిలవాల్సిన పెట్రోలు ఒత్తిడి పంపు వాల్వు ద్వారానో, కారుతున్న ఇంజెక్టర్ ద్వారానో జారిపోతోందని అనుమానించాలి. అప్పటికీ అందుకోకపోతే బ్యాటరీని, ప్లగ్గులను చూసి, ఆ తర్వాత సెన్సార్‌ను మల్టీమీటర్‌తో కొలిపించి, తప్పు చూపితే కొత్తది వేయించుకోవాలి. మీ వివరణలో కనీసం ఈ వరుసనైనా పాఠకులకు తెలియజేయగలరు.

భవదీయుడు,
ఒక కారు మెకానిక్, హనుమకొండ