మచ్చ కింద ఎముక

బుజ్జీ,

ఛాతీ మీద మచ్చ, పాదాల్లో తిమ్మిరి. ఈ రెండూ ఒకే మనిషిలో కనబడితే మన ఓపీల్లో ముందు కుష్ఠు అనుకుంటాం, అనుకోవాలి కూడా. దూదితో, సూదితో స్పర్శ చూడు, మోచేతి దగ్గర నరం తడుము. మచ్చ మీద స్పర్శ బాగానే ఉండి, తిమ్మిరి రెండు పాదాల నుంచీ సమంగా పైకి పాకుతుంటే మాత్రం మచ్చ కింది ఎముకను అనుమానించు.

ఏసాప్ సిండ్రోమ్ అని 2003లో పేరు పెట్టారు. రొమ్ముటెముకలోనో పక్కటెముకలోనో ఒంటరి ప్లాస్మాసైటోమా (యాంటీబాడీలు తయారుచేసే ప్లాస్మా కణాల కణితి), దాని పైన మెల్లగా విస్తరించే ఊదా మచ్చ, దగ్గర్లో బిళ్లలు కట్టడం. నల్లని ఒంటి మీద ఆ ఊదా గోధుమరంగులోకి తిరుగుతుంది. టార్చి పక్కవాటుగా వేస్తే ఉబ్బిన సన్న రక్తనాళాలు దొరుకుతాయి.

బోల్తా పడేది చర్మం బయాప్సీ దగ్గర. రక్తనాళాలు పెరిగాయి, మ్యూసిన్ అనే జిగురు పదార్థం ఉంది అని రిపోర్టు వస్తుంది, కణితి ఊసే ఉండదు. అది చర్మంలో లేదు మరి! బిళ్లలోనూ ఉండకపోవచ్చు. సూది వెళ్లాల్సింది ఎముకలోకి.

రక్తంలో ప్రొటీన్లను విడదీసి చూసే ఎలక్ట్రోఫోరెసిస్ ఒక్కటే రాసి ఊరుకోకు. ఆ కణితి వదిలే ఎం ప్రొటీన్ చాలా కొద్దిగా ఉండి మామూలు పట్టీలో కలిసిపోతుంది. రక్తానికీ మూత్రానికీ ఆ కొద్దిపాటిదాన్నీ పట్టే ఇమ్యునోఫిక్సేషన్ చేయించు. ఫ్రీ లైట్ చైన్ (విడిగా తిరిగే యాంటీబాడీ ముక్కలు) నిష్పత్తి మామూలుగా ఉందని కేసు మూసెయ్యకు. రక్తనాళాలను పెంచే వీఈజీఎఫ్ ప్రొటీన్‌ను సీరంలో చూస్తే గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు వదిలింది కూడా లెక్కలోకి వస్తుంది, అంకె ఉబ్బుతుంది. ల్యాబు ఏ నమూనా తీసుకుందో కనుక్కో.

ఎముకలో కణితి ఉన్న చోటు గట్టిపడి ఉంటే పెట్ సీటీలో వెలగకపోవచ్చు. రేడియాలజిస్టును బోన్ విండో (ఎముక స్పష్టంగా కనబడే సీటీ అమరిక) చూడమని విడిగా అడుగు.

నరాల జబ్బు తోడైతే ఇది పోయెమ్స్‌లోకి (ప్లాస్మా కణాల వల్ల నరాలూ ఇతర అవయవాలూ దెబ్బతినే జబ్బు) జారుతోందేమో చూసుకోవాలి. కంటి వెనుక వాపు, ప్లేట్‌లెట్లు, థైరాయిడ్, షుగర్, కాలేయం, ప్లీహం చూడు. ఇవి చూడకపోతే న్యూరాలజీ వాళ్లు సీఐడీపీ (రోగనిరోధక శక్తి నరాల మీదికే తిరిగే జబ్బు) అనుకుని ఇమ్యునోగ్లోబ్యులిన్ ఎక్కిస్తారు. ఖర్చే మిగులుతుంది, నరం బాగుపడదు.

మూలుగ శుభ్రంగా ఉండి, కణితి ఒక్కటే అయితే రేడియేషన్, మామూలుగా 40 నుంచి 50 గ్రే. మచ్చ వెలిసిపోతుంది. నరాలు కోలుకోవడానికి మాత్రం నెలలు పడుతుంది, రోగికి ఆ మాట ముందే చెప్పు.

అమ్మ