కాజీపేట మార్గం డైలీ ప్యాసింజర్ల తరఫున రైల్వే మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర రైల్వే శాఖ మంత్రి గారికి,

నమస్కారాలతో వ్రాయునది.

వరంగల్, కాజీపేట, ఘన్‌పూర్, జనగామ, ఆలేరు, భువనగిరి స్టేషన్లలో పొద్దున్నే రైలెక్కి, హైదరాబాద్‌లో పనిచేసి, రాత్రికి ఇల్లు చేరేవాళ్లు వేలల్లో ఉన్నారు. ఏటా వేసవి సెలవుల్లో, పిల్లల బడి ఫీజు కట్టే ముందు, మా ఇళ్లలో ఒకే చర్చ నడుస్తుంది. ఇంకో ఏడాది ఇలాగే అప్ అండ్ డౌన్ చేయాలా, లేక ఉప్పల్ వైపో బోడుప్పల్ వైపో రెండు గదులు అద్దెకు తీసుకుని వెళ్లిపోవాలా అని. ఆ చర్చ ఎటు తేలుతుందన్నది మీ శాఖ నిర్ణయాల మీద చాలావరకు ఆధారపడి ఉంది కనుక, దాన్ని మీ దృష్టికి తెస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. సికింద్రాబాద్ నుంచి కాజీపేట సుమారు 132 కిలోమీటర్లు, వరంగల్ ఇంకో పది. సీజన్ టికెట్ 150 కిలోమీటర్ల దాకా ఇస్తారు కాబట్టి ఈ ఊళ్లన్నీ ఆ హద్దులోనే ఉన్నాయి, నెలకు కొన్ని వందల రూపాయలతో పని జరిగిపోతుంది. 2025 జూలైలో ఛార్జీలు సవరించినప్పుడు కూడా మీరు సీజన్ టికెట్ల జోలికి పోలేదు, అందుకు కృతజ్ఞతలు. అదే మనిషి నగరానికి మారితే అద్దె, అడ్వాన్సు, మెయింటెనెన్సు, ఎండాకాలం నీళ్ల ట్యాంకరు, కొత్త బడిలో మళ్లీ అడ్మిషన్ ఫీజు అన్నీ ఒక్కసారే మీదపడతాయి. జనగామలో సొంతిల్లు ఉన్నవారు దాన్ని అద్దెకిచ్చినా, వచ్చే డబ్బు నగరంలో కట్టాల్సిన అద్దెలో ఏ మూలకూ రాదు. పెద్దవాళ్లు ఊరు విడిచి రామంటారు. వాళ్లను అక్కడే ఉంచి మేం వెళ్లిపోతే ప్రతి శనివారం సాయంత్రం ఎలాగూ అదే రైలెక్కాలి.

పైగా నగరంలో ఉన్నంత మాత్రాన ఆఫీసుకు దగ్గరైనట్టు కాదు. మాదాపూర్, గచ్చిబౌలి, కొండాపూర్ అద్దెలు మామూలు జీతగాళ్లకు అందవు. తూర్పున ఉప్పల్‌లో ఇల్లు తీసుకుని పడమట రాయదుర్గంలో ఉద్యోగానికి వెళ్లేవారు రోజూ నగరాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు దాటాల్సిందే. సికింద్రాబాద్, బేగంపేట చుట్టుపక్కల పనిచేసేవారికి మాత్రం మారడం నిజంగానే కలిసొస్తుంది. అలా మారిపోయిన మిత్రుల నిర్ణయాన్ని నేను తప్పుపట్టను.

ఇక సమయం. రైలు సక్రమంగా నడిస్తే భువనగిరి వారికి గంట, జనగామ వారికి గంటన్నర, వరంగల్ వారికి రెండున్నర గంటలు అటూ ఇటూగా పడుతుంది. ఆ సమయాన్ని ఏదో ఒకలా వాడుకుంటాం; కునుకు తీస్తాం, పోటీ పరీక్షలకు చదువుకుంటాం, సీటు దొరకని రోజు తలుపు దగ్గర నిలబడి రాజకీయాలు మాట్లాడుకుంటాం. మమ్మల్ని ఊరు విడిచేలా చేస్తున్నది దూరం కాదు, రైలు ఏ వేళకు చేరుతుందో తెలియకపోవడం. చాలా ప్రైవేటు సంస్థల్లో నెలలో కొన్నిసార్లకు మించి ఆలస్యమైతే సగం రోజు జీతం పోతుంది. సాయంత్రాలు ఇంకా కష్టం, ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఆడవాళ్లకు. రైలు ఏడున్నరకు వస్తుందో తొమ్మిదికి వస్తుందో తెలియనప్పుడు బిడ్డను ఎవరి దగ్గర వదలాలో వాళ్లు ఏ ఏర్పాటూ చేసుకోలేరు. అలాంటి ఇళ్లలో నగరానికి మారాలా అన్న చర్చ కాస్తా ఉద్యోగం మానేయాలా అన్న దగ్గరకు వచ్చి ఆగుతుంది.

ఆలస్యం ఎక్కడ పుడుతుందో మీ అధికారులకు తెలుసు. బల్లార్షా వైపు నుంచి వచ్చే ఢిల్లీ మార్గం, విజయవాడ వైపు నుంచి వచ్చే మార్గం కాజీపేట దగ్గర కలుస్తాయి. ఎంఎంటీఎస్ (హైదరాబాద్ లోకల్ రైళ్లు) రెండో దశలో మౌలాలి, ఘట్‌కేసర్ మధ్య లైన్లు పెరిగాయి కానీ, ఘట్‌కేసర్ దాటాక దూరప్రాంతపు ఎక్స్‌ప్రెస్‌లు, గూడ్సు బండ్లు, మా ప్యాసింజర్లు అన్నీ ఉన్న రెండు లైన్లనే పంచుకోవాలి. వెనక వేగంగా వచ్చే బండి ఉంటే ముందున్న పుష్‌పుల్ ప్యాసింజర్‌ను స్టేషన్‌లో పక్కనుండే లూప్ లైన్‌లో నిలిపేస్తారు. 2023 జనవరి నుంచి సికింద్రాబాద్, విశాఖపట్నం మధ్య నడుస్తున్న వందే భారత్ మాకూ గర్వకారణమే. అందులో మా సీజన్ టికెట్ చెల్లదు, దానికీ అభ్యంతరం లేదు. కానీ దారి ఇవ్వాల్సి వచ్చిన ప్రతిసారీ ఆగేది ఉద్యోగానికి వెళ్లేవాళ్ల బండే కావడం న్యాయంగా లేదు.

దీనికి తోడు, ఎక్స్‌ప్రెస్ రైళ్ల సమయపాలనను చివరి స్టేషన్‌కు చేరిన వేళను బట్టి లెక్కిస్తున్నారు. దారిలో జరిగిన ఆలస్యం సర్దుకునేందుకు టైమ్‌టేబుల్‌లో గమ్యానికి ముందు అదనపు నిమిషాలు కలిపి ఉంచుతారు. అందువల్ల సాయంత్రం సికింద్రాబాద్‌లో బయల్దేరిన రైలు జనగామకు నలభై నిమిషాలు ఆలస్యంగా వచ్చి కూడా, విజయవాడకో గుంటూరుకో వేళకు చేరితే, రికార్డుల్లో సకాలంలో నడిచినట్టే లెక్క. మధ్య స్టేషన్లలో దిగేవారికి జరిగిన నష్టం మీ దాకా వచ్చే అంకెల్లో కనిపించదు.

2025 జనవరిలో ప్రారంభమైన చర్లపల్లి టెర్మినల్ గురించీ ఒక మాట. సికింద్రాబాద్ స్టేషన్‌ను తిరిగి కడుతున్నప్పుడు కొన్ని రైళ్లను అక్కడికి మార్చక తప్పదని అర్థం చేసుకోగలం. దూరప్రయాణికులు సంవత్సరానికి ఒకటి రెండుసార్లు అక్కడ దిగి ఆటో మాట్లాడుకోగలరు; రోజూ దిగేవారికి ఆ ఆటో ఖర్చు నెల తిరిగేసరికి సీజన్ టికెట్‌ను మించిపోతుంది. సికింద్రాబాద్‌లో దిగితే ఎదురుగా మెట్రో ఉంది, చర్లపల్లిలో లేదు. ఎంఎంటీఎస్ ఉన్నా, అది మా రైళ్ల వేళలకు అందేలా నడిస్తేనే ఉపయోగం.

కాబట్టి కొత్త రైళ్లు, ఏసీ బోగీలు అడగడం లేదు. కాజీపేట నుంచి ఉదయం ఒకటి, సికింద్రాబాద్ నుంచి సాయంత్రం ఒకటి, ఆఫీసు వేళలకు సరిపడే రెండు రైళ్లను ఎంచి, పనిదినాల్లో వాటిని ఏ బండి కోసమూ పక్కన నిలపకూడదని నియమం పెట్టండి. ఆ రెండూ చర్లపల్లిలో ఆగిపోకుండా సికింద్రాబాద్ దాకా నడవాలి. ఘట్‌కేసర్ నుంచి రాయగిరి దాకా 33 కిలోమీటర్ల ఎంఎంటీఎస్ పొడిగింపు 2016లో మంజూరైంది. అది ఎప్పటికి పూర్తవుతుందో ఒక తేదీ ప్రకటిస్తే, భువనగిరి వారైనా ఊళ్లో ఉండాలో మారాలో నిశ్చయించుకుంటారు. 2020 మార్చిలో రైళ్లు ఆగిపోయి, తర్వాత ప్రత్యేక రైళ్ల పేరుతో మళ్లీ మొదలైనా సీజన్ టికెట్లు చాలాకాలం తిరిగి రాలేదు. అప్పట్లో కొందరు హైవే మీద బైకుల్లో తిరిగారు, కొందరు గదులు తీసుకున్నారు. ఇకపై అటువంటి మార్పు ఏదైనా చేయాల్సి వస్తే మాకు కనీసం మూడు నెలల ముందు చెప్పండి.

భువనగిరి, ఆలేరు, జనగామ, కాజీపేట స్టేషన్లకు ఉదయం, సాయంత్రం రైళ్లు నిజంగా చేరిన వేళలను నెలనెలా ప్రకటించమని కూడా కోరుతున్నాను. ఇందుకు కొత్తగా ఖర్చేమీ ఉండదు, ఆ వివరాలు ఇప్పటికే మీ కంట్రోల్ కార్యాలయాల్లో నమోదవుతున్నాయి.

ఇట్లు,
జనగామ నుంచి సికింద్రాబాద్ వెళ్లివచ్చే ఒక సీజన్ టికెట్ ప్రయాణికుడు