పెరట్లోంచి పక్కిళ్ళవాళ్ళకున్న దారి హక్కు మాకు చెప్పకుండా ఇల్లు కొనిపించినందుకు ఫిర్యాదు

రెడింగ్, ఇంగ్లండ్
2025 అక్టోబరు

మీ సంస్థలో ఫిర్యాదులు చూసే అధికారి గారికి,

నమస్కారం.

ఈ ఏడాది మార్చిలో మేం కొన్న ఇంటికి కన్వేయన్సింగ్, అంటే కాగితాలు పరిశీలించి ఇల్లు మా పేరు మీదికి మార్చే పని, చేసింది మీ సంస్థే. ఆ పనిలో జరిగిన పెద్ద పొరపాటు గురించి రాస్తున్నాను. మీ ఫిర్యాదుల పద్ధతి ప్రకారం దీన్నే నా అధికారిక ఫిర్యాదుగా తీసుకోండి. మీ ఆఫీసులో తెలుగు లాయరు ఉన్నారని, అర్థం కానిది ఏదున్నా మన భాషలోనే అడిగి తెలుసుకోవచ్చని మీ దగ్గరికి వచ్చాం. మాటలన్నీ తెలుగులోనే జరిగాయి కాబట్టి ఫిర్యాదు కూడా తెలుగులోనే రాస్తున్నాను. ఇంగ్లీషు ప్రతి కూడా జతచేశాను.

ముందు ఇంటి సంగతి చెప్పాలి. ఎందుకంటే మీ ఫైలు చూసినవాళ్ళెవరూ ఇంటి హద్దులు చూపే పటం, అదే టైటిల్ ప్లాన్, ఒకసారి తెరిచి చూశారని నాకు నమ్మకం లేదు. మాది నాలుగు ఇళ్ళ వరసలో చివరి ఇల్లు. గోడకు గోడ ఆనుకుని ఉన్న పాతకాలపు ఎర్ర ఇటుక ఇళ్ళు. వీధిలోకి వెళ్ళే సందు మా ఇంటి పక్కనే ఉంది. మిగతా మూడిళ్ళకీ వెనక పెరటి నుంచి వీధిలోకి రావాలంటే రెండే దారులు. ఒకటి, వంటగదిలోంచి హాల్లోకి, హాల్లోంచి వీధి గుమ్మంలోకి రావడం. రెండోది, పెరళ్ళ మధ్య కంచెల్లో ఉన్న చిన్న చెక్క గేట్లు దాటుకుంటూ మా వంటగది గుమ్మం ముందు నుంచి నడిచి సందులోకి రావడం. బొగ్గు పొయ్యిల కాలంలో బస్తాలు, బూడిద ఇంట్లోంచి మోసుకెళ్ళక్కర్లేకుండా ఇలాంటి వెనక దారులు ఉంచేవారట. ఇప్పుడు ఆ దారిలో చెత్త డబ్బాలు, సైకిళ్ళు వెళ్తున్నాయి.

ఇల్లు చూడడానికి వచ్చిన రోజే కంచెలో ఉన్న ఆ గేటు నా కంట పడింది. జనవరి 14న మీకు ఈమెయిల్ పెట్టాను. అందులో రెండే విషయాలు రాశాను. ఒకటి, పక్కింటి కంచెలో ఒక గేటు ఉంది, అదెందుకు, ఎవరైనా వాడుతున్నారా అని. రెండు, మా అమ్మానాన్నలు వచ్చి మాతో ఉంటారు, వాళ్ళకోసం వంటగదిని వెనక్కి మూడు మీటర్లు పెంచుదామనే ఈ ఇల్లు కొంటున్నాం, దానికేమైనా అడ్డం ఉందా అని. మీ దగ్గర్నుంచి వచ్చిన జవాబు ఒక్క వాక్యం. ఎక్స్‌టెన్షన్ సంగతి కౌన్సిల్‌తో చూసుకోవాలని. గేటు ఊసే లేదు. నేను మళ్ళీ అడగలేదు. మీరు చూసే ఉంటారని నమ్మాను.

ఏప్రిల్ మొదటి వారంలో చేరాం. ఆ వారమే చెత్త బండి వచ్చే రోజు, పొద్దున్న ఆరున్నరకి మా ఆవిడ వంటగదిలో పాలు పెడుతోంది. కిటికీకి మూరెడు దూరంలో ఒక మనిషి కదిలేసరికి గట్టిగా అరిచింది. నేను మేడ మీద నుంచి పరుగెత్తుకొచ్చాను. చూస్తే ఎనభై ఏళ్ళకు దగ్గర్లో ఉన్న పక్కింటి పెద్దావిడ, చెత్త డబ్బా లాక్కుంటూ మా గుమ్మం ముందు నిలబడి ఉంది. మా ఆవిడ అరుపుకి ఆవిడే ఎక్కువ భయపడింది. సారీ చెప్పి, డబ్బా లాక్కుని సందులోకి వెళ్ళిపోయింది.

ఆ రోజే మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. మా ఫైలు చూసిన ఉద్యోగి అన్న మాటలు నాకు ఇప్పటికీ గుర్తే. "అది మీ స్థలం సార్. మీ ఇష్టం. గేటుకి గడియ పెట్టుకోండి. ఎప్పుడో ఏదో దారి ఉండి ఉంటుంది, అలాంటివి వాడకపోతే పోతాయి" అన్నారు. ఆ కాల్ జరిగిన రోజు, టైము జతచేసిన కాగితంలో ఉన్నాయి. మీ దగ్గర రికార్డింగ్ ఉంటే దయచేసి వినండి.

ఆ వారాంతంలో గడియ కొనుక్కొచ్చి మా వైపు నుంచి బిగించాను.

తర్వాతి వారాల్లో జరిగింది చెప్పాలంటే నాకు ఇబ్బందిగానే ఉంది. పార్సిల్ ఒకటి పొరపాటున మా ఇంటికొస్తే ఇద్దామని పక్కింటి తలుపు కొట్టాను. పెద్దావిడ తలుపు తీసింది. లేత రంగు కార్పెట్ మీద, వంటగది గుమ్మం దగ్గర్నుంచి వీధి గుమ్మం దాకా, రెండు నల్లటి చారలు. తడిసిన చెత్త డబ్బా చక్రాల గుర్తులు. మలుపు దగ్గర డబ్బా తిరగక గోడకి రాసుకుని వాల్‌పేపర్ కొంచెం చిరిగింది. ఆవిడ పార్సిల్ తీసుకుని థాంక్స్ చెప్పి తలుపు వేసుకుంది. గడియ గురించి ఒక్క మాట కూడా అనలేదు. జూన్‌లో మాత్రం మూడిళ్ళ తరఫునా ఒక సొలిసిటర్ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. అందులో అడిగింది ఒకటే, 14 రోజుల్లో దారి తెరవమని. జతగా మా ఇంటి టైటిల్ రిజిస్టర్ (ఇంటి యాజమాన్యం, హక్కులు రాసి ఉండే ప్రభుత్వ రికార్డు) కాపీ పెట్టారు.

మా ఇంటి రిజిస్టర్‌లో ఏముందో పక్కిళ్ళవాళ్ళ లాయరు చెబితే మాకు తెలిసింది. నమ్మలేక ల్యాండ్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో 7 పౌండ్లు కట్టి నేనే ఇంకో కాపీ తీసుకున్నాను. మొదటి భాగంలోనే, రెండో పేరాలో, స్పష్టంగా ఉంది: ప్లాన్‌లో నీలిరంగు వేసిన స్థలం మీదుగా పక్క మూడిళ్ళవారికి నడిచివెళ్ళే హక్కు ఉంది. ప్లాన్ తీసి చూస్తే ఆ నీలిరంగు పట్టీ సరిగ్గా మా వంటగది గోడని ఆనుకుని, పెరడు ఈ చివర నుంచి ఆ చివరిదాకా ఉంది. మేం ఎక్స్‌టెన్షన్ కట్టాలనుకున్న చోటే.

అంతేకాదు. మా ఇల్లు అమ్మినాయన నిజం దాచలేదు. అమ్మేవాళ్ళు నింపే టీఏ6 ఫారంలో, ఇతరుల హక్కుల గురించి అడిగిన చోట, "పక్కిళ్ళవాళ్ళు చెత్త డబ్బాలకి వెనక దారి వాడతారు, ప్రతి వారం" అని తన చేత్తోనే రాశాడు. ఆ ఫారం మీకు ఫిబ్రవరిలోనే వచ్చింది. మాకు మాత్రం 112 పేజీల పీడీఎఫ్‌లో 71వ పేజీగా వచ్చింది, సోమవారం ఎక్స్‌చేంజ్ (కొనుగోలు ఒప్పందం ఖాయమయ్యే రోజు) అనగా శుక్రవారం సాయంత్రం నాలుగున్నర దాటాక. దానితో పాటు మీరు పంపిన టైటిల్ రిపోర్టులో దీని గురించి ఉన్నది ఒకే వాక్యం: ఇల్లు మామూలుగా ఉండే హక్కులకు, షరతులకు లోబడి ఉంది.

జులైలో నేను ఫోన్ చేస్తే మీ మేనేజర్ ఒక ఈమెయిల్ పంపారు. కాగితాలన్నీ పంపాం, చదువుకోవాల్సిన బాధ్యత మీదే అని. ఈ మాట నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది. నేను చదువుకున్నవాణ్ణే, కాగితాలు చదవగలను. కానీ ప్లాన్‌లో నీలిరంగుకి అర్థమేమిటో, 'లోబడి' అన్న మాట వెనక ఎంత బరువుందో చదివి చెప్పడానికే కదా మీకు 1,450 పౌండ్లు కట్టింది? పైగా నేను చూడకుండా కొన్నవాణ్ణి కాదు. గేటు చూశాను, అడిగాను. జవాబు మీ చేతిలో ఉంది. చెప్పలేదు.

మాది కోనసీమ. నాన్నగారు అర ఎకరం కొబ్బరితోట కొన్నప్పుడు నేను హైస్కూల్లో ఉన్నాను. అడ్వాన్స్ ఇచ్చేముందు తోట చుట్టూ రెండుసార్లు తిరిగి, గట్టు మీద కాలిబాట కనిపిస్తే ఆగి, "ఇందులోంచి ఎవరెవరు నడుస్తారు? పుంతదారి ఎక్కడ కలుస్తుంది?" అని అమ్మేవాళ్ళని, చుట్టుపక్కల రైతుల్ని కూడా అడిగారు. తర్వాత దస్తావేజు రాయించేటప్పుడు నాలుగు హద్దుల కింద ఆ కాలిబాట సంగతి కూడా రాయించారు. రాసింది ఊళ్ళో దస్తావేజు లేఖరి. ఆయన కూడా ఆ వాక్యం రాశాక నాన్నగారికి రెండుసార్లు చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టించాడు. రెడింగ్‌లో కంప్యూటర్లు, రిజిస్టర్లు అన్నీ ఉండి ఆ మాత్రం మాకు దక్కలేదు.

జూన్‌లో వేరే సొలిసిటర్ దగ్గరికి వెళ్ళాం. 600 పౌండ్లు అయ్యాయి. ఆవిడ అరగంటలో చెప్పింది ఇదీ. ఈ హక్కు మనుషులది కాదు, స్థలానిది. ఇళ్ళు ఎన్ని చేతులు మారినా ఉంటుంది. కొన్నాళ్ళు వాడనంత మాత్రాన పోదు. వదులుకున్నారని తేలాలంటే ఇక ఎప్పటికీ వద్దనుకున్నట్టు గట్టి రుజువు కావాలి, మా విషయంలో ప్రతి వారం వాడుతున్నారు కూడా. గేటు ఉంచుకోవచ్చు, కానీ వాళ్ళు తేలిగ్గా తీసుకుని వెళ్ళేలా ఉండాలి. దారి జరపాలన్నా, మూయాలన్నా మూడిళ్ళ యజమానులూ ఒప్పుకుని దస్తావేజు రాసివ్వాలి, బ్యాంకు లోను ఉంటే బ్యాంకు కూడా ఒప్పుకోవాలి. ఇక ఎక్స్‌టెన్షన్ సంగతి. ఇలాంటి వరస ఇంటికి వెనక మూడు మీటర్ల దాకా మామూలుగా ప్లానింగ్ అనుమతి అక్కర్లేకుండానే కట్టుకోవచ్చు. కానీ కౌన్సిల్ అభ్యంతరం లేకపోవడం వేరు, పక్కవాళ్ళ హక్కు వేరు. కౌన్సిల్ సరేనన్నా ఆ హక్కు మీద కట్టడానికి వీల్లేదు. అంటే జనవరిలో మీరు నన్ను పంపింది సంబంధం లేని చోటుకి.

అప్పటికే డ్రాయింగ్‌లకి ఆర్కిటెక్ట్‌కి 1,200 పౌండ్లు ఇచ్చాం. అవి ఇప్పుడు బీరువాలో ఉన్నాయి. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. కింద ఒక గది, బాత్రూమ్ వస్తాయనే వాళ్ళ వీసా పనులు మొదలుపెట్టాం. ఇప్పుడు వాళ్ళకి ఏం చెప్పాలో తెలియట్లేదు. ముందే తెలిసుంటే ఈ ఇల్లు కొనేవాళ్ళం కాదు, లేదా ధర తగ్గించమని అడిగేవాళ్ళం. ఆ అవకాశమే మీరు మాకు లేకుండా చేశారు.

పక్కిళ్ళవాళ్ళ మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. వాళ్ళ హక్కు వాళ్ళది. ఉత్తరం వచ్చిన మర్నాడే గడియ తీసేశాను. పెద్దావిడ దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను. కార్పెట్ శుభ్రం చేయించాను. దానికైన 85 పౌండ్లు మిమ్మల్ని అడగను, గడియ బిగించింది నా చేతులే. ఇప్పుడు చెత్త రోజున ఆవిడ డబ్బా కూడా నేనే సందులో పెడుతున్నాను. కానీ వరసలో అటు చివరి ఇంటివాళ్ళు ఇప్పటికీ మాతో మాట్లాడరు. కొత్తగా వచ్చి, రాగానే ముసలావిడ దారి మూసిన కుటుంబంగానే వీధిలో మమ్మల్ని గుర్తుపడుతున్నారు. మా అబ్బాయి, వాళ్ళ అబ్బాయి ఒకే క్లాసు.

అందుకని మిమ్మల్ని అడుగుతున్నది ఇదీ. జనవరి 14 ఈమెయిల్‌కి సరైన జవాబు ఎందుకివ్వలేదో, టీఏ6లో ఉన్న సమాధానం రిపోర్టులోకి ఎందుకు రాలేదో, ఫోన్‌లో గడియ పెట్టుకోమన్న సలహా ఏ ఆధారంతో ఇచ్చారో రాతపూర్వకంగా చెప్పండి. మీరు తీసుకున్న ఫీజు, ఆర్కిటెక్ట్ ఖర్చు, రెండో సొలిసిటర్ ఖర్చు కలిపి 3,250 పౌండ్లు తిరిగి ఇవ్వండి. ఈ హక్కు ఉండడంవల్ల ఇంటి విలువ ఎంత తగ్గిందో స్వతంత్ర చార్టర్డ్ సర్వేయర్‌తో మీ ఖర్చుతో లెక్క కట్టించి, ఆ తేడా సంగతి మీ ఇన్సూరెన్సు కంపెనీకి తెలియజేయండి. పక్కవాళ్ళు ఒప్పుకుంటే దారిని పెరటి చివరకు జరిపే దస్తావేజు పని ఉచితంగా చేస్తామంటారేమో, దానికి మాత్రం వేరే సంస్థనే పెట్టుకుంటాం, ఖర్చు మీరు భరించండి.

ఈ ఉత్తరం అందిన ఎనిమిది వారాల్లో మీ తుది జవాబు రాకపోయినా, వచ్చింది న్యాయంగా లేకపోయినా లాయర్ల సేవల మీద ఫిర్యాదులు విచారించే లీగల్ అంబుడ్స్‌మన్‌కి వెళ్తాం. ఆ కార్యాలయం 50,000 పౌండ్ల దాకా పరిహారం ఇప్పించగలదని మీకు తెలుసు. అక్కడిదాకా పోకుండా తేల్చుకోవాలనే నా కోరిక.

ఇంకొక్కటి. దీనికి ఎనిమిది వారాలు ఆగక్కర్లేదు. ఏప్రిల్‌లో గేటుకి గడియ పెట్టుకోమని సలహా ఇచ్చింది మీ సంస్థేనని, ఆ సలహా తప్పని, మూడిళ్ళకీ మీ లెటర్‌హెడ్ మీద ఒక చిన్న ఉత్తరం రాయండి. మూడు ప్రతులూ మాకు పంపితే చాలు. ఇంటింటికీ నేనే వెళ్ళి ఇస్తాను.

జతచేసినవి: జనవరి 14 ఈమెయిల్, మీ జవాబు, టీఏ6 71వ పేజీ, టైటిల్ రిజిస్టర్, ప్లాన్, ఫోన్ కాల్ వివరాలు, జూన్ నాటి సొలిసిటర్ ఉత్తరం, రసీదులు.

ఇట్లు,
మీ క్లయింటు