బకాయిల వడ్డీ హక్కు చిన్న యూనిట్ల దాకా చేరాలి: బహిరంగ లేఖ

జిల్లా పరిశ్రమల కేంద్రం జనరల్ మేనేజర్ గారికి నమస్కారం.

సరుకు వెళ్లిపోతుంది, డబ్బు మాత్రం రాదు. చిన్న యూనిట్ల ఊపిరి తీసేది ఈ బకాయిలే. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) చట్టం ప్రకారం, సరుకు ఒప్పుకున్న రోజు నుంచి లెక్కేసి, రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో, ఉన్నా 45 రోజులు మించకుండా కొన్నవాళ్లు చెల్లించాలి. దాటితే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకు 3 రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీగా. ఇంత గట్టి హక్కు ఉండి కూడా వాడుకోలేకపోవడం మమ్మల్ని బాధిస్తోంది.

కేసు చెడేది కాగితాల దగ్గర. ఆర్డరు ఫోన్‌లోనే చెప్తారు. డెలివరీ చలాన్ మీద సంతకం ఉంటుంది, తేదీ ఉండదు. ఆ తేదీయే ప్రాణం: సరుకు అందిన 15 రోజుల్లోపు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, అందిన రోజే ఒప్పుకున్నట్టు లెక్క. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (ఇలాంటి యూనిట్లకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ నమోదు) సరుకు పంపాక చేయిస్తే పాత బిల్లుల మీద పేచీ మొదలవుతుంది. ముందే చేయించుకోవాలి, దానికి రుసుము లేదు. డబ్బులడిగే నకిలీ వెబ్‌సైట్లతో జాగ్రత్త అని కూడా చెప్పాలి.

అందుకే వారానికి ఒకరోజు మీ కార్యాలయంలో ఒక ఉద్యోగిని దీనికే కేటాయించండి. ఆర్డరు, బిల్లు, తేదీ వేసిన చలాన్, ఉద్యమ్ సర్టిఫికెట్ సరిచూసి, ఈ బకాయిల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఆన్‌లైన్ దరఖాస్తు అక్కడే పెట్టించండి. కొని అమ్మే వ్యాపారులకు ఉద్యమ్ ఉన్నా ఈ వడ్డీ వర్తించదు. ఆ మాట బోర్డు మీద పెద్దక్షరాలతో రాయించండి, వాళ్లు అనవసరంగా తిరగకుండా.

ఇట్లు,
చిన్న తయారీ యూనిట్ల నిర్వాహకులం