మంగళవారం పదకొండున్నర పువ్వు

కర్నూలు,
నవంబరు 21.

చి. బుజ్జమ్మకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. మీ అమ్మ మోకాలి నొప్పి ఎప్పటిలాగే ఉంది. కార్తీక మాసమని తెల్లవారుజామున చన్నీళ్ళ స్నానం మానలేదు, నొప్పేమో తగ్గలేదు. నువ్వూ బాగున్నావని తలుస్తాను. తలచుకోవడం తప్ప వేరే దారి లేదు, నీ గొంతు విని 23 రోజులైంది. నేను ఫోన్ చేస్తే "మీటింగ్‌లో ఉన్నా నాన్నా" అని మెసేజ్ వస్తుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మీటింగ్ అయ్యాక కూడా చదువుకోవచ్చు.

ముందు నువ్వు అడిగినదానికి జవాబు. మొన్న మంగళవారం ఒక ఫోటో పంపి, కింద "ఇదేం పువ్వు నాన్నా?" అని మూడు మాటలు రాశావు. 23 రోజులకు మూడు మాటలు. సరే, ఆ లెక్కలు ఇప్పుడెందుకు.

అది గడ్డిగులాబీ. నర్సరీ వాళ్ళు టేబుల్ రోజ్ అంటారు, మీ అమ్మ నాచుపువ్వు అంటుంది. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క, కానీ మన గంగపాయల కూరకు దగ్గరి చుట్టం. ఆకు పట్టుకుని చూడు, రెండింటికీ అదే నీటి కండ. వేరు కూడా అక్కర్లేదు, జానెడు కాడ తుంచి మట్టిలో గుచ్చితే వారం పది రోజుల్లో నిలబడుతుంది. మట్టిలో ఇసుక పాలు ఎక్కువ ఉండాలి. నీళ్ళు మాత్రం అదుపులో పెట్టు. ప్రేమ ఎక్కువై పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి పోశావంటే మొదలు కుళ్ళి చస్తుంది. పువ్వు వాడాక అక్కడే మిరియపు గింజంత కాయ మిగులుతుంది. అది ఎండాక వేలితో కొద్దిగా తాకు. పైసగం చిన్న కుండ మూతలాగా ఊడి వస్తుంది, లోపల బూడిద రంగులో మెరిసే ఇసుకలాంటి విత్తనాలు ఉంటాయి. గాలి లేనప్పుడు తెల్ల కాగితం మీద దులుపుకో, తుమ్మావంటే ఒక్కటి మిగలదు.

ఇంకో సంగతి. ఈ పువ్వు బాగా ఎండ తగిలితే గానీ విప్పదు. మబ్బు పడితే ముడుచుకునే ఉంటుంది. మధ్యాహ్నం దాటాక మూసుకుందంటే ఇక రెండో రోజు విప్పేది ఉండదు, దాని బతుకు ఒక్క పూట. నీ ఫోటోలో రేకులన్నీ వెల్లకిలా విచ్చుకుని ఉన్నాయి, కుండీ నీడ పొట్టిగా ఉంది. అంటే పదకొండు, పన్నెండు మధ్య తీశావు. మెసేజ్ వచ్చింది కూడా పదకొండున్నరకే. మంగళవారం, పండగ కాదు, సెలవు కాదు. నేనేమీ అడగడం లేదు. మీకు ఇంట్లోంచి పని చేసుకునే రోజులు కూడా ఉంటాయట కదా. పువ్వు గురించి రాస్తుంటే తోచింది, అంతే.

ఫోటో సంగతి కూడా చెప్తాను, ఏమనుకోకు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎర్ర పువ్వు, గులాబీ రంగు పువ్వు తీస్తే ఫోన్‌లో రంగంతా ఒక ముద్దలా పడుతుంది, రేకుల మీది సన్నని ఈనెలు పోతాయి. అలాంటప్పుడు నీ నీడే పువ్వు మీద పడేలా నిలబడి తియ్యి. తెల్ల పువ్వయితే తెర మీద పువ్వు దగ్గర వేలు పెట్టి వెలుతురు కొంచెం కిందికి లాగు, లేకపోతే సున్నం కొట్టినట్లు వస్తుంది. మామూలుగా అయితే పొద్దున ఏడు గంటల ఎండను మించింది లేదు, కానీ నీ గడ్డిగులాబీ ఆ వేళకు నిద్రలో ఉంటుంది కాబట్టి దానికి మినహాయింపు. పేరు కనుక్కోవాలంటే పువ్వు ముఖం ఒక్కటీ చాలదు. వెనకవైపు, ఆకు, కాడ, మొగ్గ, ఒక్కోదానికి ఒక్కో ఫోటో కావాలి. పేర్లు చెప్పే యాప్‌ను గుడ్డిగా నమ్మకు. అది మన నందివర్ధనాన్ని చూసి గార్డెనియా అంది. కాడ తుంచితే తెల్లటి పాలు కారితే నందివర్ధనం, కారకపోతే గార్డెనియా. ఫోన్‌కు తుంచడం రాదు కదా. ఆ పాలు కంటికి తగలనీయకు, చెయ్యి కడుక్కో.

నీ ఫోటోలో ఎడమ మూలన నీ చెయ్యి పడింది. పెద్దది చేసి చూశాను. వాచీ బెల్టు చివరి రంధ్రానికి పెట్టినా మణికట్టు మీద నిలవక మోచేతి వైపు జారింది. ఆ వాచీ ఉగాదికి కొన్నప్పుడు నీకు మూడో రంధ్రం సరిపోయింది, నేనే పెట్టాను. రాత్రిళ్ళు ఏం తింటున్నావు? బయటి నుంచి తెప్పించుకోవడమేనా, అదీ మానేశావా?

దీపావళికి బాబిగాడు వచ్చి వెళ్ళాడు. వాడి మాటలు నీకు తెలియనివి కావు, నీళ్ళ ట్యాంకు దగ్గర పులి ఉందన్నది కూడా వాడే. వాడు చిన్నత్తకు ఏదో చెప్పాడట, చిన్నత్త నాకు ఫోన్ చేసి ఏదో చెప్పింది. నేను పట్టించుకోలేదు. మీ అమ్మకు చెప్పలేదు.

ఈ ఏడు చామంతుల కథ నీకు చెప్పలేదు కదా. ఇది వినాలి.

పెరట్లో పది కుండీలు, మిద్దె మీద వీధివైపు పన్నెండు కుండీలు పెట్టాను. ఒకే రోజు, ఒకే పిలకలు, ఒకే మట్టి. దసరా నాటికి పెరట్లోవి చిటికెన వేలి గోరంత మొగ్గలు వేశాయి. మిద్దె మీదివి మాత్రం ఆకులే ఆకులు, మొగ్గ అన్న మాట లేదు. ఎరువు ఎక్కువైందేమో అనుకున్నాను, యూరియా ఎక్కువైతే ఆకు పెరిగి పూత తగ్గుతుంది. కానీ రెండు చోట్లా వేసింది నేనే, ఒకే కొలత. మీ అమ్మ దిష్టి అంది, ఎర్ర మిరపకాయలు తిప్పింది. నర్సరీ అబ్బాయి ఏదో మందు డబ్బా ఇచ్చి 350 రూపాయలు తీసుకున్నాడు. కొట్టాను. ఆకులు ఇంకా నవనవలాడాయి.

ఒకరోజు పొద్దున కుండీలు జరిపి ఊడుస్తుంటే చివరిదాన్ని చూసి ఆగిపోయాను. అది ట్యాంకు గోడను ఆనుకుని ఉంటుంది. గోడ వైపు కొమ్మలకు మొగ్గలు ఉన్నాయి. వీధి వైపు కొమ్మలకు లేవు. ఒకే చెట్టు, సగం ఒక తీరు, సగం ఒక తీరు. చీపురు పట్టుకుని అలాగే కూర్చున్నాను. వీధిలోకి చూస్తే ఎదురుగా, నా ముక్కు మీదికే, జులైలో మార్చిన ఎల్‌ఈడీ దీపం. పాత ట్యూబ్‌లైటు నెలలో సగం రోజులు వెలిగేది కాదు కాబట్టి ఇన్నేళ్ళూ తెలియలేదు. చామంతి మొగ్గ వేయాలంటే రాత్రి పొడుగ్గా ఉండాలి, పన్నెండు గంటలకు పైనే, మధ్యలో తెగని చీకటి కావాలి. అందుకే అది చలికాలం పువ్వు. చలి కోసం కాదు, రాత్రి కోసం. తోటల వాళ్ళు పూత ఆలస్యం కావాలంటే అర్ధరాత్రి బల్బులు వేస్తారు, తొందరగా కావాలంటే నల్లగుడ్డ కప్పుతారు. ఇవన్నీ నేను చదివినవే. 31 ఏళ్ళు సబ్‌స్టేషన్‌లో కూర్చుని ఊరికి వెలుతురు పంపినవాడికి, నా మిద్దె మీద వెలుతురు ఎక్కువైందని మాత్రం తట్టలేదు.

సరే, నాలుగు వెదురు కర్రలు పాతి, నీ హాస్టల్ నల్ల దుప్పటి ఉంది చూడు, మూల కాలింది, అది కప్పడం మొదలుపెట్టాను. చాలకపోతే ఒక గోనెసంచి విప్పి అతికించాను. సాయంత్రం ఆరుకు కప్పాలి, పొద్దున ఏడుకు తీయాలి. ఒక్కరోజు కూడా తప్పకూడదు. మీ పెద్దమ్మ వాళ్ళింట్లో గృహప్రవేశం భోజనం మధ్యలో లేచి వచ్చాను, ఆమె ఇప్పటికీ మాట్లాడటం లేదు.

అప్పుడు మొదలైంది అసలు సంగతి. ఒకరోజు పాలాయన పాలు పోస్తూ గొంతు తగ్గించి, "సార్, ఎంత దొరికింది?" అన్నాడు. ఏం దొరకడం అంటే నవ్వుతాడే గానీ చెప్పడు. ఎదురింటి అక్క మీ అమ్మను గుడిలో పక్కకు పిలిచి, "అన్న ఎవరి మాటో విని ఇంటి మీదికి తెచ్చుకుంటాడేమో, చెప్పు వదినా" అందట. నాలుగు రోజులకు తెలిసింది. నేను మిద్దె మీద నల్లదుప్పటి కింద గుప్తనిధుల కోసం ఏదో పూజ చేస్తున్నానంట! పొద్దు గూకగానే కప్పడం, తెల్లారాక తీయడం, మధ్యలో మిద్దె ఎక్కి టార్చి వేసి చూడటం (దుప్పటి బయట, నత్తల కోసం), ఇంకేం కావాలి మన కర్నూలోళ్ళకు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మీ అమ్మ మాత్రం వారం రోజులు నాతో మాట్లాడలేదు, వాళ్ళు అన్నందుకు కాదు, ఆ దుప్పటి నువ్వు పారేయవద్దన్నావట.

దుప్పటి తీసి చూపించి ఉంటే ఒక్క నిమిషంలో పోయే మాట అది. చూపిస్తే ఆ రాత్రి వెలుతురు పడుతుంది, మొగ్గకు ఎక్కడ అడ్డు పడుతుందో అని నా భయం. అందుకని నోరు మూసుకున్నాను. 24 రోజులకు మొగ్గలు వచ్చాయి. ఇప్పుడు పసుపు పచ్చవి విప్పుతున్నాయి, తెల్లవి ఇంకో వారం పడుతుంది. పాలాయనకు ఒక దోసెడు ఇచ్చాను. తీసుకున్నాడు గానీ ముఖంలో అనుమానం పోలేదు.

నీ విషయంలో నేను అలా అనుకోవడం లేదు. ఎవరైనా ఏదైనా చెప్పకుండా పెట్టుకుంటే దానికో కారణం ఉంటుంది, నాకు తెలుసు. కానీ బుజ్జమ్మా, మొక్కకూ మనిషికీ తేడా ఉంది కదా. మొక్క నాకు ఫోన్ చేయలేదు. మనిషి చేయగలదు. ఉద్యోగం అన్నాక ఉంటుంది, పోతుంది, మానేస్తాం, ఇంకోటి చూస్తాం. ఎవరి గురించో చెప్తున్నాను. అలా మానేసినవాళ్ళు కూడా మొదట పీఎఫ్ డబ్బు ముట్టకూడదు. క్రెడిట్ కార్డు మీద అద్దె కట్టకూడదు. ఆరోగ్య బీమా కంపెనీది పోతుంది కాబట్టి సొంతంగా ఒకటి తీసుకోవాలి. తెల్లవారేదాకా లైటు వేసుకుని ఫోన్ చూడకూడదు. వేళకు తినాలి. ఇవన్నీ అందరికీ వర్తించేవే, నీకని కాదు. లెక్చరు మొదలైందని నువ్వు నవ్వుకుంటావని తెలుసు, ఆపేస్తున్నాను.

నా లాగ్‌బుక్ గుర్తుందా, పాత డ్యూటీ డైరీ? గంటగంటకూ లోడు రీడింగు రాసిన అలవాటు పోలేదు. ఇప్పుడు అందులో పూలు రాస్తున్నాను. ఏ రోజు ఏ మొక్క మొదటి పువ్వు, ఎన్ని గంటలకు విప్పింది, పక్కన చిన్న ఫోటో అంటించడం. మందారానికి పిండినల్లి పడితే ఎర్ర సిరాతో "బ్రేక్‌డౌన్" అని రాస్తాను. లీటరు నీళ్ళకు 5 మి.లీ. వేపనూనె, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం కొడితే "సప్లై పునరుద్ధరించబడినది". జేజి నాటిన రాధామనోహరం పేజీలే ఎక్కువ. 2009లో వరదకు కిటికీ దాకా ఒండ్రు పడితే చచ్చిందనే అనుకున్నాం, చూడు. సాయంత్రం తెల్లగా విప్పుతుంది, మర్నాటికి గులాబీ, ఆపైన ఎరుపు. మూడు రంగులూ ఒకే గుత్తిలో వచ్చేలా తియ్యాలని ఆరు నెలలుగా చూస్తున్నాను, గాలి నిలవనివ్వడం లేదు. నువ్వుంటే గుత్తి పట్టుకుని నిలబడేదానివి. చిన్నప్పుడు కనకాంబరం కాయల మీద నీళ్ళు చల్లి టప్పుమని పేలితే అరిచేదానివి, ఆ అరుపుకు జేజి దేవుడి గదిలోంచి తిట్టేది.

నీ పాత అకౌంటులో 20,000 వేశాను. కుండీల కోసం. బెంగళూరులో కుండీల రేటు ఎక్కువ అని విన్నాను. మంచి మట్టి, కోకోపీట్, అన్నీ కొనాలి కదా. ఒక్క గడ్డిగులాబీకి అంత ఎందుకని అనకు, చామంతులూ పెట్టు. బాల్కనీ ముందు వీధి దీపం ఉంటే మాత్రం చెప్పు. జనవరిలో లాల్‌బాగ్ పూల ప్రదర్శనకు మేమిద్దరం వద్దామనుకుంటున్నాం. వద్దంటే ముందే చెప్పు, టికెట్లు తీయాలి. వద్దనకు.

రేపు రాత్రి బస్సుకు పార్సెల్ వేస్తున్నాను. తడి గోనెగుడ్డలో చుట్టినవి చామంతి పిలకలు, రాగానే విప్పి నీడలో పెట్టు, రెండు రోజులు ఎండ చూపించకు. పొట్లంలో కనకాంబరం విత్తనాలు. బుడ్డల కారప్పొడి మీ అమ్మది. ఆమె ఒక సోనామసూరి మూట కూడా కట్టింది, 15 కిలోలు, కందిపప్పు 4 కిలోలు, చింతపండు, నెయ్యి సీసా. ఒక్కదానికి రెండు నెలలు వస్తుంది. అంత ఎందుకని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఎల్లుండి పొద్దున ఆరున్నరకు బస్సు చేరుతుంది. దిగాక డ్రైవరు ఫోన్ చేస్తాడు, కొత్త నంబరని కట్ చేయకు. మూట నువ్వు ఎత్తలేవు, ఆటోవాణ్ణి ఎత్తమను, ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ ఇవ్వు.

నాన్న